రెండుసార్లు ఓడి గ్రూప్ దశకు చేరిన జట్టు: యూరప్ టోర్నీల్లో బుల్లి దేశాల క్లబ్బుల లెక్క

2023 ఆగస్టులో ఫారో దీవుల క్లబ్ కేఐ క్లాక్స్‌విక్, చాంపియన్స్ లీగ్ అర్హత పోటీల్లో నార్వే జట్టు మోల్డే చేతిలో ఓడింది. అక్కడి నుంచి యూరోపా లీగ్ అర్హత పోటీకి వచ్చి మాల్దోవా జట్టు షెరిఫ్ చేతిలోనూ ఓడింది. నెల తిరక్కుండా రెండు టోర్నీలు పోగొట్టుకున్న జట్టు ఇంటికి పోవాలి కదా. పోలేదు. సెప్టెంబరులో మూడో టోర్నీ అయిన కాన్ఫరెన్స్ లీగ్‌లో ఫ్రాన్స్ జట్టు లీల్‌తో ఒకే గ్రూపులో ఆడింది. ఫారో దీవుల క్లబ్ ఒకటి యూరప్ టోర్నీలో గ్రూప్ దశ దాకా వెళ్ళడం అదే మొదటిసారి.

రాత్రిళ్ళు మేలుకుని చాంపియన్స్ లీగ్ చూసే మనవాళ్ళకి ప్రతి జూలైలో ఒక తికమక ఉంటుంది. స్కోర్ యాప్ తెరిస్తే ఎప్పుడూ వినని ఊళ్ళ పేర్లు కనిపిస్తాయి. ఒక టోర్నీలో ఓడిన జట్టు వారం తిరక్కుండా ఇంకో టోర్నీలో ప్రత్యక్షమవుతుంది. ఇందులో మాయ ఏమీ లేదు, కాకపోతే నిబంధనలు నాలుగైదు పొరలుగా ఉంటాయి. ఆ పొరలు విప్పడానికి క్లాక్స్‌విక్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. ఎందుకంటే ఆ జట్టు 2020లో ఒక పద్ధతిలో, 2023లో ఇంకో పద్ధతిలో దాదాపు అదే దారి నడిచింది, ఫలితం మాత్రం పూర్తిగా వేరు.

యాభై నాలుగు వేల మంది, పది జట్ల లీగ్

ఫారో దీవులు స్కాట్లాండ్‌కీ ఐస్‌లాండ్‌కీ మధ్య అట్లాంటిక్‌లో ఉన్న 18 దీవుల గుంపు. డెన్మార్క్ రాజ్యంలో భాగమే అయినా సొంత ప్రభుత్వం, సొంత పార్లమెంటు, సొంత ఫుట్‌బాల్ సమాఖ్య ఉన్నాయి. జనాభా సుమారు 54 వేలు, అంటే మన దగ్గర ఒక ఓ మోస్తరు మండలమంత. బతుకుతెరువు ప్రధానంగా చేపలు. క్లాక్స్‌విక్ అక్కడ రాజధాని టోర్స్‌హాన్ తర్వాత పెద్ద ఊరు, జనం ఐదు వేల పైచిలుకు. 2006లో సముద్రం అడుగున సొరంగం పడేదాకా అక్కడి నుంచి రాజధాని వైపు వెళ్ళాలంటే పడవ ఎక్కాల్సిందే.

ఫుట్‌బాల్ మాత్రం ఈ దీవులకి కొత్త కాదు. కేఐ క్లబ్ 1904లో పుట్టింది. 1942లో లీగ్ మొదలైనప్పుడు తొలి చాంపియన్ కూడా అదే. ఇప్పుడు పై స్థాయి లీగ్‌లో పది జట్లున్నాయి, ఒక్కో జట్టు సీజన్‌కి 27 మ్యాచ్‌లు ఆడుతుంది. చాలామంది ఆటగాళ్ళకి ఆట ఒక్కటే ఉద్యోగం కాదు. పగలు పని, సాయంత్రం ప్రాక్టీస్.

ఫారో సమాఖ్య 1988లో ఫిఫాలోకి, 1990లో యూఫాలోకి వచ్చింది. యూఫా అంటే యూరప్ దేశాల ఫుట్‌బాల్ సమాఖ్యలన్నీ కలిసిన పైసంస్థ, ప్రస్తుతం 55 సభ్య సమాఖ్యలు. అదే ఏడాది సెప్టెంబరు 12న ఫారో జాతీయ జట్టు తన మొట్టమొదటి అధికారిక పోటీ మ్యాచ్‌లో ఆస్ట్రియాని 1-0తో ఓడించింది. అప్పటికి కొన్ని నెలల ముందే ప్రపంచ కప్ ఆడి వచ్చిన ఆస్ట్రియా అది! ఆ మ్యాచ్ జరిగింది కూడా ఫారోలో కాదు, స్వీడన్‌లోని లాండ్‌స్క్రోనాలో. దీవుల్లో అప్పటికి గడ్డి మైదానం ఒక్కటీ లేదు. ఆ ఒక్క గోల్ కొట్టిన టోర్కిల్ నీల్సన్ కలప వ్యాపార సంస్థలో పనిచేసేవాడు. ఆస్ట్రియా కోచ్ పదవి వదులుకున్నాడు.

క్లబ్బులు యూరప్ టోర్నీల్లోకి వచ్చింది 1992లో. ఆ తర్వాత దాదాపు ముప్ఫై ఏళ్ళపాటు కథ ఒకటే: జూలైలో రావడం, ఒకటి రెండు రౌండ్లలో ఓడి వెళ్ళిపోవడం.

మూడు టోర్నీలు, రెండు దారులు

క్లబ్బులకి యూఫా నడిపే పురుషుల టోర్నీలు మూడు. పైన చాంపియన్స్ లీగ్, దాని కింద యూరోపా లీగ్, ఆ కింద 2021-22లో మొదలైన కాన్ఫరెన్స్ లీగ్. టీవీలో మనం చూసేది సెప్టెంబరు నుంచి జరిగే ప్రధాన దశ (2023-24 దాకా దీన్ని గ్రూప్ దశ అనేవారు, ఆ తర్వాత లీగ్ దశ). దానికి ముందు జూలై, ఆగస్టుల్లో అర్హత రౌండ్లు జరుగుతాయి. ఇంగ్లండ్, స్పెయిన్ వంటి దేశాల పెద్ద క్లబ్బులు నేరుగా ప్రధాన దశలో దిగుతాయి, చిన్న దేశాల క్లబ్బులు మొదటి రౌండ్ నుంచే ఆడుకుంటూ రావాలి.

అర్హతలో ప్రతి పోటీ రెండు లెగ్‌లు: ఒకటి సొంత మైదానంలో, ఒకటి ఎదుటివాళ్ళ మైదానంలో. రెండింటి గోల్స్ కలిపి చూస్తారు. సమానమైతే అదనపు సమయం, అప్పటికీ తేలకపోతే పెనాల్టీలు. బయటి మైదానంలో కొట్టిన గోల్‌కి ఎక్కువ విలువ ఇచ్చే పాత నిబంధనని 2021లో ఎత్తేశారు.

ఇక అసలు విషయం. 2009-10 నుంచి చాంపియన్స్ లీగ్ అర్హతని రెండు దారులుగా చీల్చారు. తమ దేశపు లీగ్ గెలిచిన జట్లకి ఒక దారి. పెద్ద దేశాల్లో రెండు, మూడు, నాలుగు స్థానాల్లో నిలిచిన జట్లకి ఇంకో దారి. ఈ రెండూ అర్హత దశలో కలవవు. అంటే ఫారో చాంపియన్‌కి హంగరీ చాంపియన్ ఎదురు రావచ్చు, స్వీడన్ చాంపియన్ రావచ్చు. ఇటలీలో నాలుగో స్థానం, జర్మనీలో మూడో స్థానం జట్లు మాత్రం రావు. చిన్న దేశాల సమాఖ్యల ఓట్లతో గెలిచిన అప్పటి యూఫా అధ్యక్షుడు మిషెల్ ప్లాటినీ తెచ్చిన మార్పు ఇది.

రెండో విషయం: చాంపియన్ల దారిలో ఓడినవాళ్ళు కింది టోర్నీ అర్హతలోకి జారతారు. ఏ రౌండ్‌లో ఓడితే ఎక్కడికి జారతారన్నదే ఇక్కడ కీలకం. 2023లో ఉన్న నిబంధనల ప్రకారం మొదటి రౌండ్‌లో ఓడితే కాన్ఫరెన్స్ లీగ్ రెండో రౌండ్‌కి, రెండో రౌండ్‌లో ఓడితే యూరోపా లీగ్ మూడో రౌండ్‌కి, మూడో రౌండ్‌లో ఓడితే యూరోపా లీగ్ ప్లేఆఫ్‌కి, అంటే అర్హతలో ఆఖరి రౌండ్‌కి. ఆ ప్లేఆఫ్‌లోనూ ఓడితే నేరుగా కాన్ఫరెన్స్ లీగ్ గ్రూప్ దశకి.

చివరి రెండు వాక్యాలు ఇంకోసారి చదవండి. చాంపియన్ల దారిలో మొదటి రెండు రౌండ్లు గెలిచిన జట్టు ఆ తర్వాత వరసగా ఓడినా ప్రధాన దశ ఖాయం. అందుకే చిన్న దేశపు చాంపియన్‌కి రెండో రౌండ్ రెండో లెగ్ రాత్రి ఉన్నంత టెన్షన్ ఆ తర్వాత వచ్చే పెద్ద మ్యాచ్‌లలో ఉండదు.

2023 వేసవి, మ్యాచ్ తర్వాత మ్యాచ్

మొదటి రౌండ్‌లో క్లాక్స్‌విక్‌కి ఎదురుపడింది హంగరీ చాంపియన్ ఫెరెన్స్‌వారోస్. అంతకు ముందు సీజన్‌లో యూరోపా లీగ్‌లో చివరి పదహారు దాకా వెళ్ళిన జట్టు. సొంతగడ్డ మీద 0-0. బుడాపెస్ట్‌లో తిరుగు మ్యాచ్ నల్లేరు మీద నడకే అని అక్కడివాళ్ళు అనుకుని ఉంటారు. అర్ని ఫ్రెడరిక్స్‌బర్గ్ రెండు, లూక్ కాసీ ఒకటి, మొత్తం మూడు గోల్స్ విరామానికి ముందే పడిపోయాయి. 3-0. మర్నాడే ఫెరెన్స్‌వారోస్ తన కోచ్ స్టానిస్లావ్ చెర్చెసోవ్‌ని తీసేసింది. 2018 ప్రపంచ కప్‌లో రష్యాని క్వార్టర్ ఫైనల్స్ దాకా నడిపినవాడాయన.

రెండో రౌండ్‌లో స్వీడన్ చాంపియన్ హాకెన్. సొంత మైదానంలో మళ్ళీ 0-0, గోథెన్‌బర్గ్‌లో అదనపు సమయం కూడా కలిపి 3-3, చివరికి పెనాల్టీల్లో 4-3తో క్లాక్స్‌విక్ గెలిచింది. ఆ రాత్రితోనే గ్రూప్ దశ ఖాయమైంది. మూడో రౌండ్‌లో మోల్డేని సొంతగడ్డ మీద 2-1తో ఓడించి, నార్వేలో అదనపు సమయంలో 2-0తో ఓడింది. షెరిఫ్‌తో 1-1, తర్వాత 1-2.

దీన్ని అద్భుతం అనేసి ఊరుకోవడం తేలిక. కొన్ని కారణాలు మాత్రం కంటికి కనిపించేవే. ఫారో లీగ్ వసంతం నుంచి శరదృతువు దాకా నడుస్తుంది, కాబట్టి జూలైకి అక్కడి ఆటగాళ్ళు సీజన్ మధ్యలో ఉంటారు. హంగరీలో అప్పటికి లీగ్ ఇంకా మొదలే కాలేదు. దీవుల్లో మైదానాలు ఎక్కువగా కృత్రిమ గడ్డివి, గాలీ వానా సరేసరి. అయితే ఈ వాదనని మరీ సాగదీయలేం. స్వీడన్, నార్వే లీగ్‌లూ వసంతంలోనే మొదలవుతాయి, అక్కడా కృత్రిమ గడ్డి మామూలే. హాకెన్‌ని దాటడానికి, మోల్డేని ఒక మ్యాచ్‌లో ఓడించడానికి వాతావరణం ఒక్కటే సరిపోదు. నార్వేకి చెందిన కోచ్ మాగ్నె హొసెత్ కింద ఆ జట్టు నిజంగానే మంచి జట్టు.

గ్రూప్‌లో లీల్, స్లోవేకియా జట్టు స్లోవాన్ బ్రాటిస్లావా, స్లోవేనియా జట్టు ఒలింపియా లుబ్లియానా. సొంతగడ్డ మ్యాచ్‌లు క్లాక్స్‌విక్‌లో కాకుండా రాజధానిలో ఆడారు. లీల్‌తో 0-0, ఒలింపియాపై 3-0, మిగతా నాలుగూ ఓటమి. నాలుగు పాయింట్లతో ఆఖరి స్థానం.

అవే ఫలితాలు, మూడేళ్ళ ముందు

ఇప్పుడు 2020కి వెళ్దాం. కోవిడ్ కారణంగా, చాంపియన్స్ లీగ్ ప్లేఆఫ్ తప్ప, అర్హత రౌండ్లన్నీ ఒక్కో మ్యాచ్‌కి కుదించిన ఏడాది. క్లాక్స్‌విక్‌కి మొదటి ప్రత్యర్థి స్లోవాన్ బ్రాటిస్లావా. ఫారోకి వచ్చిన స్లోవాన్ బృందంలో పాజిటివ్ కేసులు బయటపడి మ్యాచ్ జరగలేదు. యూఫా 3-0తో క్లాక్స్‌విక్ గెలిచినట్టు ప్రకటించింది. తర్వాత స్విట్జర్లాండ్ జట్టు యంగ్ బాయ్స్ చేతిలో 1-3. అక్కడి నుంచి యూరోపా లీగ్ మూడో రౌండ్‌కి జారి, జార్జియా జట్టు డైనమో టిబిలిసీని 6-1తో చిత్తు చేసింది. ప్లేఆఫ్‌లో ఐర్లండ్ జట్టు డండాక్ చేతిలో 1-3తో ఓడింది. అంతే, బయటికి. కింద ఇంకో టోర్నీ లేదు మరి.

ఈ ఫలితాలనే యథాతథంగా 2023 నిబంధనల్లో పెట్టి చూడండి. మొదటి రౌండ్ గెలుపు. రెండో రౌండ్ ఓటమి, కాబట్టి యూరోపా మూడో రౌండ్. అక్కడ గెలుపు, కాబట్టి యూరోపా ప్లేఆఫ్. అక్కడ ఓటమి, కాబట్టి కాన్ఫరెన్స్ లీగ్ గ్రూప్ దశ. అంటే అవే నాలుగు స్కోర్లతో మూడేళ్ళ ముందే చరిత్ర రాసి ఉండేవాళ్ళు.

నా లెక్కలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ముఖ్యమైన ముక్క ఇదే. బుల్లి దేశాల క్లబ్బులు ఈమధ్య గ్రూప్ దశల్లో కనిపించడానికి వాళ్ళ ఆట మెరుగుపడటం సగం కారణం, ఓటమి తర్వాత ఏమవుతుందన్న నిబంధన మారడం మిగతా సగం. 2024-25లో వేల్స్ నుంచి ద న్యూ సెయింట్స్, ఉత్తర ఐర్లండ్ నుంచి లార్న్ తొలిసారి ప్రధాన దశకి చేరాయి. 2025-26లో మాల్టా నుంచి హమ్రున్ స్పార్టన్స్ అదే పని చేసింది. ఈ క్లబ్బులన్నీ చేరింది కాన్ఫరెన్స్ లీగ్‌కే.

కోఎఫిషెంట్: చిన్న దేశం తలరాత రాసే అంకె

ఏ దేశం నుంచి ఎన్ని క్లబ్బులు రావాలి, ఏ రౌండ్ నుంచి మొదలుపెట్టాలి అన్నది యూఫా ర్యాంకింగ్ తేలుస్తుంది. ఆ ర్యాంకింగ్‌కి ఆధారం కోఎఫిషెంట్ అనే అంకె. ఆ దేశపు క్లబ్బులన్నీ యూరప్ టోర్నీల్లో ఒక్కో సీజన్‌లో తెచ్చిన పాయింట్ల సగటుని గత ఐదు సీజన్లకి కూడితే వచ్చేది అది.

ప్రధాన దశలో గెలుపుకి 2 పాయింట్లు, డ్రాకి 1. అర్హత రౌండ్లలో అందులో సగం: గెలుపుకి 1, డ్రాకి 0.5. పెనాల్టీల గెలుపుకి విడిగా పాయింట్లు లేవు, ఆ మ్యాచ్ డ్రాగానే లెక్క. ఇవన్నీ కూడి, ఆ సీజన్‌లో ఆ దేశం నుంచి ఎన్ని క్లబ్బులు దిగాయో అంతతో భాగిస్తారు. పైదశలకి వెళ్తే బోనస్‌లు కూడా ఉన్నాయి గానీ, చిన్న దేశాలకి వాటి అవసరం అంతగా పడదు.

క్లాక్స్‌విక్ 2023-24 లెక్క వేద్దాం. ఫెరెన్స్‌వారోస్‌తో డ్రా, గెలుపు: 1.5. హాకెన్‌తో రెండు డ్రాలు: 1. మోల్డేపై ఒక గెలుపు: 1. షెరిఫ్‌తో ఒక డ్రా: 0.5. అర్హతలో మొత్తం 4. గ్రూప్‌లో ఒక గెలుపు, ఒక డ్రా: 3. కూడితే 7. ఆ ఏడాది ఫారో నుంచి నాలుగు క్లబ్బులు దిగాయి కాబట్టి క్లాక్స్‌విక్ ఒక్కటే దేశానికి తెచ్చిపెట్టినది 7ని నాలుగుతో భాగిస్తే 1.75.

ఇందులో ఇంకో సంగతి గమనించండి. హాకెన్‌ని పెనాల్టీల్లో దాటినందుకు నేరుగా వచ్చిన అదనపు పాయింట్ సున్నా. కానీ అది దాటకపోయి ఉంటే తర్వాతి మ్యాచ్‌లు వేరుగా ఉండేవి, గ్రూప్‌లో వచ్చిన ఆ 3 పాయింట్లకి హామీ ఉండేది కాదు.

భాగహారం చిన్న దేశాల్ని ఇరుకున పెడుతుంది. ఒక క్లబ్ రెక్కలు ముక్కలు చేసుకున్నా, మిగతా మూడూ మొదటి రౌండ్లోనే చేతులెత్తేస్తే ఆ కష్టం నాలుగు ముక్కలవుతుంది. దీనికి ఒక విచిత్రమైన మినహాయింపు లీక్టెన్‌స్టైన్. అక్కడ సొంత లీగే లేదు. క్లబ్బులు స్విట్జర్లాండ్ లీగ్‌లలో ఆడుకుంటాయి, దేశంలో ఉన్నది ఒక కప్ మాత్రమే. ఆ కప్ గెలిచిన ఒక్క జట్టే యూరప్‌కి వెళ్తుంది, భాగించాల్సింది ఒకటితోనే. 2022-23లో స్విస్ రెండో డివిజన్‌లో ఆడుతూనే వాడూజ్ క్లబ్ ఆస్ట్రియా జట్టు రాపిడ్ వియన్నాని ప్లేఆఫ్‌లో దాటి కాన్ఫరెన్స్ లీగ్ గ్రూప్ దశ ఆడింది. తెచ్చిన ప్రతి పాయింటూ పూర్తిగా దేశం ఖాతాలోనే పడింది.

ర్యాంకింగ్ వల్ల ఒరిగేదేమిటి? 2023-24లో అట్టడుగు ఐదు దేశాలకి మూడేసి క్లబ్బులే దక్కాయి, వాటికి సరిగ్గా పైన ఉన్న దేశాలకి నాలుగు. ఇంకా పైకి పోతే చాంపియన్‌కి మొదటి రౌండ్ తప్పుతుంది. దీనికి తోడు క్లబ్బుల ర్యాంకింగ్ ఇంకోటి ఉంది. ఎవరితో ఎవరు ఆడాలో చీటీలు తీసేటప్పుడు జట్లని బలమైనవి, బలహీనమైనవి అని రెండు కుండల్లో వేయడానికి అది వాడతారు. వేసవి మొత్తం ఎలా గడవబోతోందో చాలాసార్లు ఆ చీటీల దగ్గరే సగం తేలిపోతుంది.

డబ్బు ఎంత, ఎవరికి

2023-24లో కాన్ఫరెన్స్ లీగ్ గ్రూప్ దశకి చేరినందుకే ఒక్కో క్లబ్‌కి 29.4 లక్షల యూరోలు ఇచ్చారు. గెలుపుకి 5 లక్షలు, డ్రాకి 1.66 లక్షలు అదనం. క్లాక్స్‌విక్‌కి ఈ మూడు పద్దుల కిందే సుమారు 36 లక్షల యూరోలు, అప్పటి మారకంలో మన డబ్బుల్లో 30 కోట్ల రూపాయల పైమాటే. అర్హత రౌండ్ల సొమ్ము వేరు.

2024-25 నుంచి కాన్ఫరెన్స్ లీగ్ ప్రవేశ మొత్తం 31.7 లక్షల యూరోలు అయింది. అదే ఏడాది చాంపియన్స్ లీగ్‌లో అడుగుపెట్టినందుకు ఇచ్చింది కోటీ 86 లక్షలు. మొత్తం పంపకం చూస్తే చాంపియన్స్ లీగ్‌కి సుమారు 247 కోట్ల యూరోలు, యూరోపాకి 56.5 కోట్లు, కాన్ఫరెన్స్ లీగ్‌కి 28.5 కోట్లు. పై మెట్టు మీద ఉన్నవాళ్ళకి చిల్లర అనిపించే మొత్తం, ఐదు వేల మంది ఊరి క్లబ్‌కి ఏళ్ళ తరబడి బడ్జెట్.

చిక్కు అక్కడే మొదలవుతుంది. పది జట్ల లీగ్‌లో ఒక్క జట్టుకి అంత డబ్బు వచ్చి పడితే మిగతా తొమ్మిది ఏమవ్వాలి?

ఒక వాదన ప్రకారం ఇది దేశవాళీ లీగ్‌ల మెడకి ఉరి. యూరప్ డబ్బుతో ఒక క్లబ్ మంచి ఆటగాళ్ళని కొంటుంది, లీగ్ గెలుస్తుంది, మళ్ళీ యూరప్‌కి వెళ్తుంది, మళ్ళీ డబ్బు. బల్గేరియాలో లుడోగోరెట్స్ 2012 నుంచి 2025 దాకా వరసగా 14 సార్లు చాంపియన్ అయింది. బెలారస్‌లో బాటె బరిసోవ్ 2006 నుంచి 2018 దాకా 13 సార్లు. ఈ క్లబ్బుల విజయాలన్నీ యూరప్ డబ్బు పుణ్యమే అనలేం, సొంత పెట్టుబడిదారులూ ఉన్నారు. కానీ ఒకసారి చక్రం తిరగడం మొదలయ్యాక దాన్ని ఆపడం పక్కింటి క్లబ్ వల్ల కాదు.

రెండో వాదన: ఒక క్లబ్ పైకొస్తే దేశం మొత్తానికి కోఎఫిషెంట్ పెరుగుతుంది, మిగతా క్లబ్బులకీ తలుపులు తెరుచుకుంటాయి. వృత్తిగా ఆడే అవకాశం దేశంలోనే దొరుకుతుంది, కుర్రాళ్ళు డెన్మార్క్‌కో నార్వేకో వెళ్ళిపోనక్కర్లేదు. జాతీయ జట్టుకీ ఆ లాభం అందుతుంది. 2025 అక్టోబరులో ఫారో జాతీయ జట్టు ప్రపంచ కప్ అర్హత పోటీలో చెక్ రిపబ్లిక్‌ని 2-1తో ఓడించిందంటే క్లబ్ స్థాయిలో జరిగిన మార్పుని పక్కన పెట్టి చూడలేం.

ఫారో లీగ్ ఫలితాలు చూస్తే రెండు వాదనలకీ కొంత బలం దొరుకుతుంది. క్లాక్స్‌విక్ 1999 తర్వాత ఇరవై ఏళ్ళకి, 2019లో మళ్ళీ చాంపియన్ అయింది. 2021, 2022, 2023 కూడా దానివే. ఇక ఎదురు లేదనుకున్నారు. గ్రూప్ దశ డబ్బు చేతికొచ్చిన తర్వాతి ఏడాది, 2024లో, లీగ్ గెలిచింది మాత్రం వికింగుర్. చిన్న లీగ్‌లో ఒక సీజన్‌కి 27 మ్యాచ్‌లే, నాలుగైదు డ్రాలు తలరాత మార్చేస్తాయి. బల్గేరియాలో జరిగింది ఇక్కడా జరుగుతుందని ఇప్పుడే తీర్పు చెప్పడం తొందరపాటు.

యూఫా దీనికి చూపే మందు సంఘీభావ నిధి. 2024 నుంచి టోర్నీల ఆదాయంలో 7 శాతం ప్రధాన దశలో ఆడని క్లబ్బులకి పంచుతున్నారు. ఇది తక్కువని లీగ్‌ల సంఘాలు, ఇదే ఎక్కువని పెద్ద క్లబ్బులు అనుకుంటూనే ఉంటాయి.

స్టేడియం, లైట్లు, నవంబరు చీకటి

గెలవడం ఒక ఎత్తు, ఆ మ్యాచ్ సొంత ఊళ్ళో ఆడగలగడం ఇంకో ఎత్తు. రౌండ్ పెరిగేకొద్దీ మైదానానికి యూఫా పెట్టే షరతులు కఠినమవుతాయి: కుర్చీలు, లైట్లు, టీవీ కెమెరాలకి చోటు, ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే గదులు. ద న్యూ సెయింట్స్ తమ కాన్ఫరెన్స్ లీగ్ సొంతగడ్డ మ్యాచ్‌లని వేల్స్‌లో కాదు, సరిహద్దు దాటి ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీలో ఆడింది. సరిహద్దు అవతల అంటే వాళ్ళకి పెద్ద వింతేమీ కాదు, ఆ క్లబ్ మామూలు మైదానం కూడా ఇంగ్లండ్ గడ్డ మీదే ఉంది.

ఐస్‌లాండ్ పరిస్థితి ఇంకా తమాషా. 2024-25లో రేక్యావిక్ క్లబ్ వికింగుర్ (ఫారో వికింగుర్‌తో సంబంధం లేదు, పేరు మాత్రమే ఒకటి) లీగ్ దశ మ్యాచ్‌లని మధ్యాహ్నం పూట ఆడింది. సరిపడా ఫ్లడ్‌లైట్లు లేవు, చలికాలంలో పగలు కొద్ది గంటలే. తర్వాతి దశలో గ్రీస్ జట్టు పానాథినైకోస్‌తో ఆడాల్సి వచ్చినప్పుడు ‘సొంతగడ్డ’ మ్యాచ్ ఫిన్లండ్ రాజధాని హెల్సింకీలో పెట్టుకుంది. అక్కడ 2-1తో గెలిచి, ఏథెన్స్‌లో 0-2తో ఓడి బయటికొచ్చింది.

జూలైలో లాభించిన సీజన్ క్యాలెండర్ నవంబరులో ఎదురు తిరుగుతుంది. ఫారో, ఐస్‌లాండ్ లీగ్‌లు అక్టోబరు చివరికల్లా ముగిసిపోతాయి. ఆ తర్వాత క్లబ్‌కి ఉన్నవి యూరప్ మ్యాచ్‌లే. రెండు మూడు వారాలకి ఒక అసలు మ్యాచ్, మధ్యలో ప్రాక్టీస్ మాత్రమే. ఎదుటి జట్టు అప్పటికి వారానికి రెండేసి మ్యాచ్‌లు ఆడుతూ పదునుగా ఉంటుంది. పగలు ఉద్యోగం చేసే ఆటగాడైతే డిసెంబరు గురువారం మ్యాచ్ కోసం సెలవు పెట్టాలి.

ఇది అవకాశమా, బుజ్జగింపా

కాన్ఫరెన్స్ లీగ్ మీద రెండు అభిప్రాయాలున్నాయి, రెండూ పూర్తిగా కొట్టిపారేయదగ్గవి కావు.

విమర్శకుల మాట ఇది: చాంపియన్స్ లీగ్‌కి పాత రూపమైన యూరోపియన్ కప్‌లో ఏ దేశ చాంపియన్ అయినా మొదటి రౌండ్లోనే రియల్ మాడ్రిడ్‌తో తలపడే వీలుండేది. ఇప్పుడు పెద్దవాళ్ళు చాంపియన్స్ లీగ్‌లో తలుపేసుకుని, చిన్నవాళ్ళకి వేరే పంక్తి వేశారు. నిచ్చెన పై మెట్టు దాకా ఉందని చెప్పడమే గానీ ఎక్కేవాళ్ళు అరుదు. అలా ఎక్కినవాళ్ళలో మాల్దోవా జట్టు షెరిఫ్ ఒకటి, 2021లో చాంపియన్స్ లీగ్ గ్రూప్ దశలో మాడ్రిడ్‌లోనే రియల్‌ని 2-1తో ఓడించింది. కానీ అది స్థానికుల కంటే విదేశీ ఆటగాళ్ళు ఎక్కువగా ఉన్న, డబ్బున్న క్లబ్.

సమర్థకుల మాట ఇది: పాత పద్ధతిలో చిన్న దేశపు చాంపియన్ ఆడేది ఏడాదికి రెండే మ్యాచ్‌లు, అందులో ఒకటి 0-6. జ్ఞాపకం మిగులుతుంది, నేర్చుకునేది ఉండదు. ఇప్పుడు క్లాక్స్‌విక్ ఒకే సీజన్‌లో 14 మ్యాచ్‌లు ఆడింది, అందులో ఐదారు తన స్థాయికి కొంచెం పైనున్న జట్లతో. ఎదగడానికి పనికొచ్చేది అలాంటి మ్యాచ్‌లే.

2024-25 నుంచి వచ్చిన కొత్త పద్ధతి ఈ రెండో వాదనకి ఇంకాస్త బలం చేకూర్చింది. గ్రూపులు పోయి 36 జట్లకీ ఒకే పట్టిక వచ్చింది. కాన్ఫరెన్స్ లీగ్‌లో ఒక్కో జట్టు ఆరుగురు వేర్వేరు ప్రత్యర్థులతో ఆడుతుంది, మూడు ఇంటి దగ్గర, మూడు బయట. మొదటి ఎనిమిది నేరుగా చివరి పదహారులోకి, 9 నుంచి 24 దాకా ఇంకో ప్లేఆఫ్‌కి, మిగతా పన్నెండు ఇంటికి. పాత గ్రూప్‌లో నాలుగింట రెండు జట్లే ముందుకెళ్ళేవి. ఇప్పుడు మూడింట రెండు వంతులు మిగులుతాయి. ఐస్‌లాండ్ వికింగుర్ 19వ స్థానంలో నిలిచి ముందుకెళ్ళింది ఇలాగే. మరోపక్క అర్హత మూడో రౌండ్ తర్వాత వచ్చే యూరోపా ప్లేఆఫ్‌లో ఓడితే కాన్ఫరెన్స్ లీగ్ దొరుకుతుందన్న పాత హామీ ఇప్పుడూ అలాగే ఉంది.

టోర్నీల స్వరూపాన్ని యూఫా మూడేళ్ళకోసారి ఖరారు చేస్తుంది. 2021-24 ఒక విడత, 2024-27 ఇంకోటి. దేశాల ర్యాంకింగ్ మాత్రం నిదానంగా కదులుతుంది: ఒక సీజన్ ముగిసేసరికి ఉన్న ఐదేళ్ళ పట్టికని ఒక ఏడాది వదిలి ఆ తర్వాతి సీజన్ ప్రవేశాలకి వాడతారు. ఆ లెక్కన 2023-24లో క్లాక్స్‌విక్ తెచ్చిన 1.75 మొదట పనికొచ్చింది 2025-26 ప్రవేశాలకి. ఈ పద్ధతి మారకపోతే 2027-28 చివరి దాకా పట్టికలో ఉండి, 2029-30లో ఫారో నుంచి ఎన్ని క్లబ్బులు వెళ్ళాలో తేల్చేటప్పుడు కూడా కూడికలోకి వస్తుంది.